వార్డెన్ గారి ఎడమ చెవి

ఉద్యోగంలో ఎదురయ్యే ప్రమాదాల వల్ల ట్రాఫిక్ వార్డెన్ల ప్రవర్తనలో ఎలాంటి మార్పూ రాదని మీర్‌కోట్ నగర ట్రాఫిక్ శాఖ పోయిన మార్చిలో తీర్మానించింది. తీర్మానం అయ్యాక, అది నిజమో కాదో తేల్చమని లాహోర్ నుంచి డాక్టర్ అంబరీన్ గర్దేజీ అనే పరిశోధకురాలిని పిలిపించింది. ముందు తీర్పు, తరువాత విచారణ అనే ఈ పద్ధతిలో బోలెడంత సమయం కలిసొస్తుందని పెద్దలు చెబుతారు.

ఆవిడ ముప్పై వాక్యాల ప్రశ్నపత్రం ఒకటి తయారుచేసింది. 'ఎండ వల్ల నాకు కోపం వస్తుంది', 'పొగ వల్ల నాకు కోపం వస్తుంది', 'ఇలాంటి ప్రశ్నల వల్ల నాకు కోపం వస్తుంది', ఇదీ వరస. ఒక్కో వాక్యం ఎదురుగా 'పూర్తిగా ఒప్పుకుంటాను' మొదలు 'అస్సలు ఒప్పుకోను' దాకా ఐదు గళ్ళు. రెండు వందల పన్నెండు మంది వార్డెన్లూ ముప్పై వాక్యాలకీ చివరి గడిలోనే టిక్కు పెట్టారు. పత్రాలను చీఫ్ ఆఫీసర్ గారి గుమాస్తా టిక్కులతో సహా పంచాడు కాబట్టి పరిశోధనకు ఏ ఆటంకమూ కలగలేదు.

ఆ రెండు వందల పన్నెండు మందిలో జుల్‌ఖర్నైన్ వడాయిచ్ ఒకడు. బర్ఫ్‌ఖానా చౌక్‌లో పద్దెనిమిదేళ్ళుగా నిలబడి ఉన్నాడు. అతని ఎడమ కాలి చిటికెన వేలి మీదుగా ఇప్పటికి ఏడు రిక్షాలు, ఒక గాడిద బండి, వరుడితో సహా ఒక పెళ్ళి గుర్రం వెళ్ళాయి. ముఖంలో సగం ఎండకు కాలి, సగం పొగకు మసిబారి, గుర్తింపు కార్డు మీద ఫొటోకీ అతనికీ చుట్టరికం తెగిపోయి చాలా కాలమైంది. ప్రవర్తన మాత్రం శాఖ చెప్పినట్టు చెక్కుచెదరలేదు. ఇంట్లో అత్తగారూ మరదలూ ఒకేసారి గుమ్మంలోకి వస్తే చెయ్యి అడ్డంపెట్టి అత్తగారిని ఆపి, మరదలిని ముందు పోనిస్తాడు. భోజనాల దగ్గర రొట్టెల పళ్ళెం ఎటు తిరగాలో ఈల వేసి చెబుతాడు. అత్తవారి పల్లెలో నిశ్శబ్దానికి బెదిరి నిద్ర పట్టకపోతే, బావమరిది పాపం వాకిట్లో మోటారుసైకిలు స్టార్టు చేసి ఉంచాడు. అప్పుడు గానీ అల్లుడు గారి కన్ను మూతపడలేదు.

వచ్చిన చిక్కల్లా ఎడమ చెవితోనే. బర్ఫ్‌ఖానా చౌక్‌లో వ్యాన్లు ఆగేది సరిగ్గా అతని ఎడమ పక్కన. ప్రతి వ్యానుకూ గాలి హారను ఉంటుంది. ముందున్న బండి కదలదని తెలిసినా, కదలడానికి చోటు లేదని కళ్ళారా చూస్తున్నా, హారను మోగించడం అక్కడ డ్రైవరు వంశగౌరవానికి సంబంధించిన విషయం. పద్దెనిమిదేళ్ళ పాటు ఆ గౌరవం అంతా జుల్‌ఖర్నైన్ ఎడమ చెవిలోకే పోయింది. ఆ చెవికి మొదట పిచ్చుకలు వినపడడం మానేశాయి. తరువాత మనుషులు. చివరికి ఒకనాడు హారను కూడా వినపడడం మానేసింది. ఆ రోజు అతను, పోనీలే, పీడా విరగడైంది అనుకున్నాడు.

విరగడ కాలేదు. చెవుడున్న వార్డెన్ డ్యూటీకి పనికిరాడని రూలు. మెడికల్ బోర్డు ఒక్క ముక్క రాసిందంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు రెండు గదుల గవర్నమెంటు క్వార్టరూ పోతుంది. ఆ భయం అతన్ని తిననిచ్చేది కాదు, పడుకోనిచ్చేది కాదు. సంగతి తెలిసింది భార్య షగుఫ్తా ఒక్కదానికే.

"బోర్డు వాళ్ళకి చెప్పెయ్యరాదూ? మందేదో వేస్తారు," అంది ఒకరోజు, కుడి పక్కకి వచ్చి.

"మందు కాదే, దండ వేస్తారు. వేసి ఇంటికి పంపిస్తారు. కళ్ళు ఆనడం లేదని చెప్పుకున్నందుకు నజీర్‌ని ఏం చేశారు? మర్నాటికల్లా వాడికి ఆఫీసే ఆనకుండా చేశారు."

"అయితే నోరు మూసుకుని ఉండండి. మీకు చెవి లేకపోయినా నాకు ఇల్లు కావాలి."

ఇక్కడ మీర్‌కోట్ ఆచారం ఒకటి చెప్పుకోవాలి. మీకు తెలియనిదేం కాదు. వార్డెన్ బండి ఆపగానే మనిషి జేబులోంచి తీసేది లైసెన్సు కాదు, ఫోను. లైసెన్సు ఉన్నవాళ్ళు కూడా ఫోనే తీస్తారు, లేకపోతే పాపం వీడికి ఎవరూ లేరు కాబోలని నలుగురూ అనుకుంటారు. మామయ్యకో, మామయ్య స్నేహితుడికో కలిపి, "సాబ్, మాట్లాడండి" అని ఫోను వార్డెన్ చేతికిస్తారు. అవతలి గొంతు "మన కుర్రాడే" అంటుంది. ఆ కుర్రాడికి అరవై ఏళ్ళుండవచ్చు, దానికేం. వార్డెన్ ఫోనుకే సెల్యూట్ చేసి బండి వదిలేస్తాడు. చట్టమూ బంధుత్వమూ రెండూ క్షేమంగా ఇల్లు చేరతాయి.

జుల్‌ఖర్నైన్‌కి కుడి చెవి దగ్గర డిపార్టుమెంటు వాళ్ళు బిగించిన వైర్‌లెస్ ఉంటుంది. అందుకని ఎవరు ఫోనిచ్చినా ఎడమ చెవికే చేరేది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, "జీ సర్, జీ సర్, మీ దయ సర్" అని నాలుగు ఊపిర్లు పీల్చేంత సేపు వినయంగా వంగి నిలబడేవాడు. అవతలివారు ఏమన్నారో ఆ దేవుడికే ఎరుక. మొదట్లో అందరూ వదలమనే అంటారు గదా అని వదిలేసేవాడు. ఒకసారి మాత్రం ఫోనులో ఉన్న పెద్దాయన, "నా కొడుక్కి బుద్ధి రావాలి, గట్టిగా చలానా రాయి" అన్నాడట. వదిలేసినందుకు జుల్‌ఖర్నైన్‌కి మెమో వచ్చింది. ఊరు పుట్టి బుద్ధెరిగాక అలాంటి తండ్రి ఒక్కడే పుట్టాడు, వాడు ఇతని చెవినే పడ్డాడు. అప్పటినుంచి అతనొక నియమం పెట్టుకున్నాడు. ఫోనులో ఏమన్నారో తెలియదు, రూల్సు పుస్తకంలో ఏముందో తెలుసు. కాబట్టి "జీ సర్" అని ఫోను తిరిగిచ్చేసి, పుస్తకంలో ఉన్నట్టు చలానా రాసేసేవాడు.

అలా మంత్రి గారి మేనల్లుళ్ళు, జడ్జి గారి డ్రైవరు, ఒక ఎడిటరు గారి తోడల్లుడు అతని పుస్తకంలోకి ఎక్కారు. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. మామయ్య మాట చెల్లలేదని మేనల్లుడు బయట చెప్పుకోడు. అవతల "జీ సర్" అని చెవులారా విన్న మామయ్యకు తన మాట చెల్లలేదన్న అనుమానమే రాదు. ఇలా ఇరువైపులా పరువు నిలబడుతూ ఏళ్ళు గడిచిపోయాయి.

టిక్కులన్నీ ఒకేచోట ఉన్న పత్రాలు చూసి విసుగెత్తిన డాక్టర్ అంబరీన్, పాత చలానా పుస్తకాలు తిరగేసింది. నగరమంతా కలిపి ఏడాదిలో పెద్దవాళ్ళ బంధువులకు రాసిన చలానాలు నలభై మూడు. నలభై మూడూ బర్ఫ్‌ఖానా చౌక్‌వే. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. మర్నాడు చౌక్‌కే వచ్చింది, అదృష్టవశాత్తూ అతని కుడి పక్కన నిలబడింది.

"ఇంత ధైర్యం ఎలా వచ్చింది మీకు?" అని అడిగింది.

జుల్‌ఖర్నైన్ రూల్సు పుస్తకం చూపించాడు. "ధైర్యం ఏముంది మేడం, డ్యూటీలో నాకు పుస్తకం ఒక్కటే కనిపిస్తుంది," అన్నాడు. అది అక్షరాలా నిజం. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడో రోజు పత్రికల్లో ఆ వాక్యం అతని ఫొటో కింద అచ్చయింది. ఫొటో మాత్రం గుర్తింపు కార్డు మీదిది కావడం వల్ల చౌక్‌లో ఎవరూ పోల్చుకోలేదు.

శాఖ సన్మానం చేయక తప్పింది కాదు. చీఫ్ ఆఫీసర్ సిబ్తైన్ లంగ్రియాల్ గారు మైకు ముందు నలభై నిమిషాలు మాట్లాడారు.

"సోదరులారా, ఎండను ప్రమాదమని ఎవరన్నారు? ఎండ మన వార్డెన్‌కు కిరీటం. పొగ అతనికి ధూపం. ప్రజలు పెట్టే తిట్లు అతనికి దీవెనలు. మా శాఖలో ప్రమాదాలు లేవు, అవకాశాలే ఉన్నాయి. ఈ అవకాశాలను అందరికన్నా ఎక్కువగా వాడుకున్న జుల్‌ఖర్నైన్‌ను చూసి గర్విస్తున్నాను."

వడిలిన గులాబీ దండ వేస్తూ ఆయన అతని ఎడమ చెవి దగ్గరగా వంగి, పెదవి కదపకుండా నాలుగు మాటలు చెప్పారు. జుల్‌ఖర్నైన్ అలవాటు ప్రకారం "జీ సర్, మీ దయ సర్" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆ నాలుగు మాటలూ ఏమంటే, రేపు పదింటికి మా బావమరిది తెల్లకారు నీ చౌక్ మీదుగా వస్తుంది, అద్దాలకు నల్ల కాగితం ఉంది, చూసీ చూడనట్టు వదిలెయ్యి అని.

మర్నాడు పదింటికి తెల్లకారు వచ్చింది. జుల్‌ఖర్నైన్ ఆపాడు. కారులోని మనిషి నవ్వుతూ కూర్చున్నాడు, ఫోను తీయాల్సిన అవసరం కూడా లేదన్న ధీమాతో. జుల్‌ఖర్నైన్ పుస్తకం చూసి చలానా రాసి, పుస్తకంలోనే ఉన్న మరో రూలు ప్రకారం నల్ల కాగితాన్ని గోళ్ళతో గీకి ఊడదీశాడు. చుట్టూ జనం పోగయ్యారు. చాలా కాలం తరువాత ఆ కారులో ఎవరుంటారో ఊరికి తెలిసింది.

మేనల్లుళ్ళు సిగ్గుపడతారు గానీ బావమరుదులు పడరు. అతను తిన్నగా అక్కగారి దగ్గరికి వెళ్ళాడు. ఆ రాత్రి చీఫ్ గారింట్లో ఏం జరిగిందో శాఖ రికార్డుల్లో లేదు. తెల్లవారేసరికి మాత్రం జుల్‌ఖర్నైన్‌కి పిలుపొచ్చింది.

"నీ చెవిలోనే చెప్పానుగదయ్యా," అన్నారు చీఫ్ గారు, ఎర్రబడ్డ కళ్ళతో. "జీ సర్ అన్నావు కూడా."

జుల్‌ఖర్నైన్ నేల చూపులు చూశాడు. చీఫ్ గారు అతని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. తల పండిన అధికారి, ఊరికే అంత పైకి రాలేదు. ఎడమ పక్కన ఆగి గొంతు బాగా తగ్గించి, "జుల్‌ఖర్నైన్, నీకు పదిరోజులు జీతంతో సెలవు ఇస్తున్నాను," అన్నారు.

అతనిలో చలనం లేదు. సెలవు అన్న మాటకు చలించని వార్డెన్ ఈ భూమ్మీద ఉండడు. చీఫ్ గారికి అంతా అర్థమైపోయింది. ఆయన నెమ్మదిగా కుడి పక్కకి నడిచి, "ఎన్నాళ్ళనుంచీ?" అన్నారు. జుల్‌ఖర్నైన్‌కి ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాడు. కళ్ళ ముందు రెండు గదుల క్వార్టరు, దాని గుమ్మంలో సామాన్ల మూటలు, మూటల మీద కూర్చున్న అత్తగారు కనిపించారు.

కానీ పేపరెక్కిన వీరుణ్ణి ఇంటికి పంపితే శాఖ పరువేం కాను? చీఫ్ గారు వారం రోజులు ఆలోచించి ఒక దయగల ఉత్తర్వు జారీ చేశారు. సదరు వార్డెన్‌కు ప్రభుత్వ ఖర్చుతో మేలురకం వినికిడి యంత్రం అమర్చవలెను. డ్యూటీలో ఉన్నంతసేపూ సదరు యంత్రం చెవిలోనే ఉండవలెను. ఒక సామాన్య ఉద్యోగి చెవి మీద శాఖకు ఇంత ప్రేమ ఎప్పుడూ లేదని అందరూ మెచ్చుకున్నారు.

సోమవారం పొద్దున్నే యంత్రం పెట్టారు. ఆస్పత్రి నుంచి చౌక్ దాకా నడిచిన ఆ అరగంటా జుల్‌ఖర్నైన్ పసిపిల్లాడైపోయాడు. ఎడమ పక్కన పిచ్చుకలు వినిపించాయి. తందూరు గోడకు నాన్ రొట్టె అంటించే చప్పుడు వినిపించింది. తన ఎడమ బూటు కిర్రుమంటుందని అతనికి అప్పుడే తెలిసింది. అంత సంతోషం అతను పెళ్ళినాడు కూడా పడలేదు.

తొమ్మిదింటికి చౌక్ చేరాడు. మొదటి హారనుకే ఎగిరి గాడిద బండిలో పడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుంటుంటే తిట్లు వినిపించాయి. రోజూ తనను చూసి నవ్వుతూ చెయ్యెత్తే వ్యాను డ్రైవరు ఇన్నేళ్ళూ ఆ చెయ్యెత్తి ఏమంటున్నాడో తెలిసింది. తన తల్లి ప్రస్తావన, తండ్రి గురించిన సందేహం, ఇద్దరి మీదా ఒకే వాక్యంలో. తాను ఏళ్ళ తరబడి ఆ వాక్యానికి సెల్యూట్ చేశాడు.

పదకొండింటికి ఒక మోటారుసైకిలు ఆపాడు. దాని మీద ఐదుగురూ ఒక మేకా ఉన్నారు. హెల్మెట్టు ఎవరికీ లేదు. "సాబ్, మాట్లాడండి" అని ఫోనిచ్చారు. ఎడమ చెవికి పెట్టుకున్నాడు. ఎంత తీయని గొంతు.

"ఎలా ఉన్నావు నాయనా? ఇంట్లో అందరూ కులాసానా? నీ క్వార్టరు ఫైలు నా బల్ల మీదే ఉంది, దుమ్ము పడకుండా చూస్తున్నాలే. వాడు మన కుర్రాడే."

"జీ సర్," అన్నాడు జుల్‌ఖర్నైన్. నాలుగు ఊపిర్లు గడిచాయి. పుస్తకం మూసేశాడు. మేకకు దారిచ్చాడు. సాయంత్రానికి పదకొండు ఫోన్లు వచ్చాయి, పదకొండు మందీ మన కుర్రాళ్ళే.

ఇంటికెళ్ళి మంచం మీద వాలితే, షగుఫ్తా అలవాటు కొద్దీ ఎడమ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తూ గొణుక్కుంటోంది. వాళ్ళమ్మ మోకాళ్ళు, చెల్లెలి మాట దురుసు, పెళ్ళికి ముందు తను చదవాలనుకున్న చదువు, ఈ మనిషి ఒక్కసారైనా నన్ను సినిమాకి తీసుకెళ్ళాడా.

"చదువుకోవాలనుకున్నావా? ఎప్పుడూ చెప్పలేదే," అన్నాడు.

ఆమె చేతిలో బఠాణీ ఆగిపోయింది. "రోజూ చెప్పాను. నా కష్టాలన్నీ ఆ చెవిలోనే పోసుకున్నాను ఇన్నేళ్ళూ. ఎవరికీ నొప్పి లేకుండా గుండె తేలికయ్యేది. ఇకనుంచి ఎక్కడ పోసుకోను?"

అతను పదకొండు ఫోన్ల సంగతి చెప్పాడు. ఆమె చేతిలోని బఠాణీని గిన్నెలో వేసింది.

"రేపటినుంచి దాన్ని తీసి జేబులో వేసుకోండి. చౌక్‌లో మీ చెవిలోకి తొంగిచూడ్డానికి ఎవరొస్తారు?"

మర్నాడు యంత్రం తీసి జేబులో వేసుకున్నాడు. ఫోనొచ్చింది. చెవికేమీ వినపడలేదు, మనసుకు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినపడింది. ఫైలు వినపడింది, బల్ల వినపడింది, దుమ్ము వినపడింది. ఏమంటున్నారో తెలియనంత కాలం పుస్తకం తెరవడం తేలిక. తెలిశాక తెరవాలంటే ధైర్యం కావాలి. శాఖ అతనికి చెవుడిచ్చింది, యంత్రమిచ్చింది, దండ కూడా ఇచ్చింది గానీ ధైర్యం ఇచ్చిన దాఖలా రికార్డుల్లో లేదు. అతను యంత్రం తీసి మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.

డాక్టర్ అంబరీన్ నివేదిక వచ్చింది. ఉద్యోగ ప్రమాదాలు వార్డెన్ల ప్రవర్తనను గణనీయంగా మెరుగుపరుస్తాయనీ, ప్రమాదం తొలగించగానే ప్రవర్తన నగర సగటుకు పడిపోతుందనీ ఆవిడ పట్టికలతో సహా నిరూపించింది. శాఖ మొదటి సగం చదివి సంతోషించి, గాలి హారన్లను నిషేధించే పాత ప్రతిపాదనను వెంటనే వెనక్కి తీసుకుంది.

ఇక జుల్‌ఖర్నైన్ పలుకుబడి చూడాలి. అంతమంది పెద్దల మాట దక్కించినవాడు తానూ కాస్త పెద్దవాడైపోయాడు. ఒక మధ్యాహ్నం అతనికే ఫోనొచ్చింది. చేసినవాడు అతని బావమరిది, ఒకప్పుడు వాకిట్లో మోటారుసైకిలు స్టార్టు చేసి పెట్టినవాడు. చుంగీ చౌక్‌లో ఎదురుదారిలో వచ్చి రఫీఆ అనే వార్డెన్‌కు దొరికాడట. "బావగారూ, ఒక్క మాట చెప్పండి" అని ఫోను ఆమెకిచ్చాడు.

జుల్‌ఖర్నైన్ గొంతు సవరించుకున్నాడు. తనకు తెలియకుండానే ఆ గొంతులోకి తీపి వచ్చేసింది.

"ఎలా ఉన్నావమ్మా? ఇంట్లో అందరూ కులాసానా? నేను బర్ఫ్‌ఖానా జుల్‌ఖర్నైన్‌ని. వాడు మన కుర్రాడే."

"జీ సర్, జీ సర్, మీ దయ సర్," అంది రఫీఆ. ఒకటి, రెండు, మూడు, నాలుగు ఊపిర్లు. ఫోను తిరిగిచ్చేసింది. పావుగంటలో బావమరిది చలానా కాగితం ఫొటో తీసి పంపాడు.

ఆ నాలుగు ఊపిర్లూ ఎవరివో జుల్‌ఖర్నైన్‌కి తెలుసు. చుంగీ చౌక్‌లో కూడా వ్యాన్లు ఎడమ పక్కనే ఆగుతాయి. నోరు మూసుకుంటే ఊళ్ళో ఒక్క చౌక్ అయినా పుస్తకం ప్రకారం నడుస్తుందని కూడా తెలుసు. అతను ఒక పూటంతా బాధపడ్డాడు. తరువాత తెల్లకాగితం తీసుకుని చీఫ్ గారికి అర్జీ రాశాడు: 'సోదరి రఫీఆ ఆరోగ్యం దృష్ట్యా ఆమె ఎడమ చెవిని వెంటనే పరీక్ష చేయించి, నాకు చేసినట్టే మేలు చేయవలసిందిగా మనవి.'

షగుఫ్తా ఆ కాగితం చదివి, మడిచి అతని చేతికే ఇచ్చింది. "చెవి వచ్చింది, మనిషి పోయాడు," అంది. ఈసారి కుడి పక్కన నిలబడి, గట్టిగానే అంది.

అర్జీ ఆఫీసు చేరింది, దాని సంగతి ఎలాగో బయటికి పొక్కింది. రెండు వందల పన్నెండు మంది వార్డెన్లకూ వినికిడి యంత్రాలు ఇప్పించాలని మీర్‌కోట్ పౌరులు ఒక మహజరు తయారుచేశారు. వీధి దీపాల కోసం రాసిన మహజరుకు ఏడాదిలో పదిహేను సంతకాలు వచ్చిన ఊరిది. దీనికి ఒక్క పూటలో నాలుగు వేలు వచ్చాయి. వకీళ్ళు, వర్తకులు, ప్రొఫెసర్లు, అవినీతి నిర్మూలన సంఘం కార్యవర్గం మొత్తం వరసలో నిలబడి మరీ పెట్టారు. దూరాభారాన ఉన్నవాళ్ళు ఫోనులోనే చెప్పి పెట్టించారు. ఆ జాబితా ఎవరో చదువుతుంటే నేనక్కడే ఉన్నాను, మీ పేరు కూడా వినపడింది. పొరబడి ఉంటానని సరిపెట్టుకుందామంటే, నా రెండు చెవులూ ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.